సభాకంపము – సాత్త్వికభావములు : నాట్యశాస్త్రదృష్టితో ఒక పరిశీలన

సభలో నిలిచి నోరు విప్పవలసిన వానికి కలుగు వణకును మన పెద్దలు సభాకంపము అన్నారు. వాడుకలో జంకు, బెదురు, సభాపిరికితనము అను మాటలును కలవు. పద్యము కంఠస్థమైనవాడే, ఇంటిలో పదిమార్లు తడబాటు లేక చదివినవాడే, వేదిక నెక్కి నలుగురి చూపులు తనవైపు తిరుగగానే మొదటి పాదమును మరచును. అరచేతులు చెమర్చును. నాలుక అంగిటికి అంటుకొనును. మోకాళ్ళు చెప్పినమాట వినవు. ప్రాచ్యకళాశాలలలో పద్యపఠనమునకు, సంస్కృతభాషణమునకు పోటీలు నడిపిన అధ్యాపకులలో ఈ దృశ్యమును చూడనివారుండరు. ఇరువదవ శతాబ్దమున మనశ్శాస్త్రజ్ఞులు దీనిని గూర్చి విస్తారముగ వ్రాసినారు. అందువలన ఇది ఆధునికజీవితము తెచ్చిపెట్టిన రుగ్మతయనియు, దీనికి మందు పాశ్చాత్యగ్రంథములలోనే వెదకవలెననియు ఒక అభిప్రాయము ప్రబలినది. భరతముని నాట్యశాస్త్రమును, అనంతపురము మెట్టసీమలో నేటికిని నిలిచియున్న కళారూపములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఈ అభిప్రాయమును సవరించుకొనక తప్పదు. సభాకంపములో శరీరమున కనబడు చిహ్నములును, నటుడు సాధింపగోరు సాత్త్వికాభినయ చిహ్నములును ఒక్కటే. ఈ సామ్యము నుండి దాని చికిత్సకు దారి కలదని చూపుట ఈ వ్యాసోద్దేశము.

నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయములోని కథ పాఠకులకు తెలిసినదే. బ్రహ్మ నాట్యవేదమును సృజించి భరతునకు ఉపదేశించినాడు. భరతుడు తన నూరుగురు పుత్రులకు నేర్పినాడు. ఇంద్రధ్వజోత్సవమున, దేవతలు దైత్యులను జయించిన వృత్తాంతము తొలి ప్రయోగముగ ఆరంభమైనది. తమ ఓటమిని ఆడి చూపుట సహింపలేని దైత్యులు విరూపాక్షుని ముందిడుకొని విఘ్నములను పురికొల్పినారు. ఆ విఘ్నములు చేసినదేమి? రంగమునకు నిప్పు పెట్టలేదు. నటులను కొట్టలేదు. మాయచే కనబడకుండ నిలిచి, ఆడుచున్నవారి వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేసినవి. సూత్రధారుడు తనవారితో కూడ తెలివి తప్పి జడుడైనాడు. సభాకంపమునకు గురియైనవానిని దిగివచ్చిన తరువాత అడిగినచో అతడు చెప్పునదియు ఇదే కదా: మాట రాలేదు, చేయి ఆడలేదు, ఏమియు గుర్తు రాలేదు. లోకములో జరిగిన మొట్టమొదటి నాటకప్రదర్శనములోనే సభాకంపము కలిగినదని శాస్త్రకారుడు చెప్పుట నటజాతికి కొంత ఊరట కలిగింపవలసిన విషయము. ఆ మొదటి బాధితులు అనభ్యాసకులును కారు, సాక్షాత్తు భరతుని వద్ద నేర్చినవారు.

ఆ కథలోని ప్రతీకారక్రమము మరింత గమనింపదగినది. మొదట ఇంద్రుడు ధ్వజదండముతో విఘ్నములను జర్జరితము చేసినాడు. జర్జరమను పేరు ఆ దండమునకు అట్లు వచ్చినది. అంతటితో తీరలేదు. మిగిలిన విఘ్నములు మరల బెదిరింపవచ్చినవి. అప్పుడు విశ్వకర్మ నాట్యగృహమును నిర్మించినాడు. దాని ప్రతిభాగమునకు ఒక దేవత కాపు నిలిచినది. అటుపై దేవతలే బ్రహ్మను వేడినారు: ముందు సామోపాయమును ప్రయోగింపుమని. బ్రహ్మ విఘ్నములను పిలిచి, మీకు కష్టము కలిగించినదేమని అడిగినాడు. ఈ నాట్యము మమ్ము అవమానించుటకు పుట్టినదని వారన్నారు. ఇది ఏ ఒక్కరిదియు కాదు, మూడు లోకముల భావములను అనుకరించునది, మీ మంచిచెడ్డలును దేవతల మంచిచెడ్డలును ఇందు కలవని బ్రహ్మ వివరించినాడు. దండము, కాపు, సంభాషణము అను మూడు మెట్లు ఇందు స్పష్టము. పురాకథను కేవలము మనస్తత్త్వరూపకముగ కుదించుట నా ఉద్దేశము కాదు. అయినను, నాట్యప్రయోజనమును గూర్చిన ప్రసిద్ధవచనములన్నియు ఈ సందర్భముననే, అనగా భయకారకులకు సమాధానము చెప్పు సందర్భముననే వెలువడినవను విషయమును వ్యాఖ్యాతలు మరికొంత పట్టించుకొనవలసి యుండెను. ఈ ప్రదర్శన ఎవరిది, ఎందులకు, అను ప్రశ్నకు ఉత్తరము దొరకిన తరువాతనే విఘ్నములు శాంతించినవి.

ఇక ఈ కంపము ఏ భావమునకు చెందినది? భయస్థాయికి అని వెంటనే చెప్పబుద్ధి పుట్టును. కాని నాట్యశాస్త్రమున భయమునకు చెప్పిన విభావములు వికృతధ్వనులు, భూతదర్శనము, శూన్యగృహము, అరణ్యము మొదలైనవి. సభాసదులలో ఇట్టివేవియు లేవు. వ్యభిచారిభావములలోని త్రాసము పిడుగు, ఉల్కాపాతము వంటి ఆకస్మికములవలన పుట్టునది. అదియు కుదరదు. శంకను గూర్చి భరతుడు చెప్పినది చూడవలెను. చౌర్యము, రాజాపరాధము, పాపకర్మము దాని విభావములు. మాటిమాటికి దిక్కులు చూచుట, నోరు ఎండుట, నాలుకతో పెదవులు తడుపుకొనుట, ముఖము వెలవెలబోవుట, గొంతు మారుట, వణకుట దాని అనుభావములు. ఇది అచ్చముగ వేదికపై నిలిచిన క్రొత్తవాని చిత్రము. అతడు దేనినీ దొంగిలించినవాడు కాడు. అయినను పట్టుబడనున్న దొంగవలె ప్రవర్తించును. తనకు రాని విద్యను వచ్చినదని చూపుచున్నాననియు, అది ఈ క్షణమున బయటపడుననియు అతని అంతరంగములోని అనుమానము. నిజముగ విద్య వచ్చినవానికిని ఈ అనుమానము తప్పదు. అదియే దీనిలోని విచిత్రము. కావున సభాకంపమును భయమునకు గాక, వ్రీడతో కలిసిన శంకకు చేర్చుట సమంజసము. ఈ భేదము వట్టి పారిభాషికము కాదు. భయమునకు ధైర్యము చెప్పవలెను. శంకకు ధైర్యము చెప్పిన ప్రయోజనము లేదు. దానికి నిర్దోషిత్వము తెలియవలెను.

ఇప్పుడు సాత్త్వికములకు వత్తము. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రలయము అని అవి ఎనిమిది. కొయ్యబారుట, చెమర్చుట, గగుర్పాటు, గొంతు జీరవోవుట, వణకు, రంగు మారుట, కన్నీరు, మైమరపు. వీనిలో ఏడింటిని సభాకంపపీడితునియందు కన్నులార చూడవచ్చును. ఎనిమిదవదైన ప్రలయము కూడ, సొమ్మసిల్లి పడినవారి విషయమున, అరుదుగనైనను కలదు. వీనినే సాధించుట నటనకు పరాకాష్ఠయని భరతుడు చెప్పినాడు. సత్త్వాతిరిక్తమైన అభినయము జ్యేష్ఠము, సమసత్త్వము మధ్యమము, సత్త్వహీనము అధమమని అతని విభాగము. ఏ చిహ్నములు బయటపడిన నటుని పరువు పోవునని మనము భయపడుచున్నామో, ఆ చిహ్నములు బయటపడనిచో అభినయము అధమమగును! ఈ చిక్కును ఎట్లు విడదీయవలెను?

సమాధానము సత్త్వశబ్దములోనే ఉన్నది. సత్త్వము మనస్సు నుండి పుట్టునదియనియు, మనస్సు సమాహితమైనప్పుడే అది నిష్పన్నమగుననియు, అన్యమనస్కునికి రోమాంచాదులు సాధ్యములు కావనియు భరతుని వివరణము. దశరూపకమునకు అవలోకమను వ్యాఖ్య వ్రాసిన ధనికుడు దీనిని మరింత విశదము చేసినాడు: పరుల సుఖదుఃఖములను భావించుటయందు అంతఃకరణము అత్యంతము అనుకూలమై యుండుటయే సత్త్వము. ఇచట 'పరుల' అను మాట ముఖ్యము. హరిశ్చంద్రుడు కాటిలో వణకినచో అది వేపథువు. హరిశ్చంద్రుని వేషము వేసినవాడు, నా పద్యమేమగునో అని వణకినచో అది కంపము. చేయి ఒక్కటే, వణకు ఒక్కటే. మనస్సు ఎవరిమీద నిలిచినదను దానిలోనే తేడా. ఈ తేడాను ప్రేక్షకులు కనిపెట్టగలరా యన్నచో, నా అనుభవములో చాలమారులు కనిపెట్టలేరు. పాత్రోచితమైన ఉద్వేగమేయని మెచ్చుకొనిన సందర్భములును లేకపోలేదు.

శరీరశాస్త్రము దీనిని బలపరచుచున్నది. ఆపద యెదురైనప్పుడు పోరాటమునకో పలాయనమునకో దేహము సిద్ధమగునని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథములో నిరూపించినాడు. అడ్రినలిన్ రక్తములో కలియును. గుండె వేగము హెచ్చును. నోటి తడి తగ్గును. చర్మము చల్లబడి చెమర్చును. కండరములు బిగిసి వణకును. ఆపద పులియా, పండితసభయా అని దేహము విచారింపదు. ఉల్లాసముతో ఉరకలు వేయువాని శరీరములోను ఇంచుమించుగ ఈ మార్పులే జరుగును. పేరు పెట్టునది మనస్సు. 2014లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రకటించిన ప్రయోగములలో, పాడుటకు ముందు, ప్రసంగించుటకు ముందు 'శాంతముగ ఉన్నాను' అని చెప్పుకొనినవారికంటె 'ఉత్సాహముగ ఉన్నాను' అని చెప్పుకొనినవారు మెరుగుగ రాణించినారు. కదలిన దేహమును కదలకుండ చేయుటకంటె ఆ కదలికకు వేరొక అర్థము నిచ్చుట సులభమని దీని తాత్పర్యము.

దీనికి మన సాహిత్యములో అద్భుతమైన ఉదాహరణము విరాటపర్వములోని ఉత్తరకుమారుడు. అనంతపురము ప్రాంతమునకు ఈ పర్వముతో ప్రత్యేకసంబంధము కలదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే పడు ఈ మెట్టభూములలో వేరుశనగను నమ్ముకొని బ్రతుకు రైతు ఆకాశమువైపు చూచుట తప్ప గతి లేనివాడు. విరాటపర్వమును చదివించినచో, ఆడించినచో వానలు కురియునను విశ్వాసము తెలుగునాట అంతటను కలదు. కరవుసీమలో అది మరింత గాఢము. ఆ రాత్రి ఆట ఆడువాని భారమెట్టిదో ఊహింపవచ్చును. నగరములో తడబడిన నటునికి పోవునది పేరు మాత్రమే. ఇచట కథ నడుమ గొంతు తెగినచో, ఊరివారు వానకొరకు చేయించుకొను కార్యమునకే లోపము వచ్చినట్లు తలంతురు. వేరొక కష్టమును కలదు. పంట పండిన యేట పది యూళ్ళ పిలుపు లందుకొను మేళమునకు కరవు యేట ఒక్క పిలుపు దొరకుట గగనము. ఆటలు తగ్గినకొలది సభకు అలవాటు తగ్గును, ఉన్న ఒక్క ఆట విలువ పెరుగును. ఈ రెండును కంపమును పెంచునవే. కరవునకు ఈ ఫలితము కూడ కలదని వ్యవసాయపు లెక్కలలో ఎవ్వరును వ్రాయరు.

ఉత్తరుడు అంతఃపురస్త్రీల ముందు ప్రగల్భములు పలికినాడు. కౌరవసేనను చూడగానే అతనికి గగుర్పాటు కలిగినది; రథము దిగి పరుగెత్తినాడు. అతనిని వెంబడించి పట్టుకొనినవాడు బృహన్నల. ఆ వేషములో అర్జునుడు విరాటుని కొలువున చేయుచున్నది నాట్యాచార్యత్వము. రాజకుమార్తెకు ఆటపాటలు నేర్పుట. అనగా జంకినవానిని నిలబెట్టు పని ఇచట ఒక నాట్యగురువు చేతిలో పడినది. ఆయన చేసినదేమి? నీవు వీరుడవు, భయపడకుము, అని ఊరక ఉపదేశించి మరల వింటిని చేతికీయలేదు. నేను యుద్ధము చేసెదను, నీవు రథము తోలుము, అని పాత్రను మార్చినాడు. వెంటనే జమ్మిచెట్టు నెక్కి ఆయుధములు దింపు పని అప్పగించినాడు. చేతికి పని, కంటికి లక్ష్యము కలిగిన తరువాత, తానెవరో చెప్పి నమ్మకము కుదిర్చినాడు. అంతట ఉత్తరుడు మంచి సారథియైనాడు. అయినను శంఖధ్వనికి, గాండీవఘోషకు అతడు మరల బెదరి కూలబడినాడనియు, అర్జునుడు మరల ఓదార్చెననియు భారతమే చెప్పుచున్నది. కవి యథార్థజ్ఞుడు. జంకు ఒక్కమారు పోయి మరల రాకుండుట అను అద్భుతమును అతడు చూపలేదు.

పనిలో మనస్సు నిలిచినవానికి తన్ను తాను చూచుకొను తీరిక ఉండదను ఈ రహస్యమును తోలుబొమ్మలాట మరియొక మార్గమున సాధించినది. ధర్మవరము సమీపమున నిమ్మలకుంట (2022 నుండి ఇది శ్రీసత్యసాయి జిల్లాలోనిది) ఈ కళకు పెట్టినది పేరు. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఈ ఆటలో తెల్లని తెర, దాని వెనుక దీపము, ఆ రెంటి నడుమ తోలుబొమ్మ. ఆడించువాడు సభకు కనబడడు. సభవారి వేయి చూపులు బొమ్మమీద ఉండును. అతని చూపును బొమ్మమీదనే ఉండును. అతని రెండు చేతులలో బొమ్మలు, నోట పద్యము, కాలి క్రింద బల్లచెక్క. ఇంత పనిలో శంకకు చోటెక్కడ? తడబాటు వచ్చినను జుట్టుపోలిగాడు, బంగారక్క తెరమీదికి వచ్చి నాలుగు మోటహాస్యములాడి ఆ సందును పూడ్తురు. తెర చాటున ఉండుటచే వారికి జంకు లేదనుట పై చూపు. తెర లేని కళలలో కూడ ఆ తెరను మనస్సులో కట్టుకొనవచ్చునని దీని నుండి గ్రహింపవలెను. రష్యాదేశపు నాటకాచార్యుడు స్తానిస్లావ్‌స్కీ, వేదికపై నటుడు తన అవధానమును ఒక చిన్న వలయమునకు పరిమితము చేసికొని, జనమధ్యముననే ఏకాంతమును పొందవలెనని చెప్పినది ఇట్టిదే. నిమ్మలకుంటలో ఆ వలయమును దీపమే గీయుచున్నది.

ముఖము చూపి ఆడువారి విషయము కొంత వేరు. ఆంధ్రనాటకపితామహుడని పేరుగన్న ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) ధర్మవరమున పుట్టి బళ్ళారిలో సరసవినోదినీసభను నడిపినాడు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ 1880లో తాడిపత్రిలో జన్మించినాడు. 1882లో బళ్ళారి జిల్లా నుండి విడదీసి అనంతపురము జిల్లాను ఏర్పరచుటచే తాడిపత్రి ఈ జిల్లాకు చేరినది. ఊరిపేరుతో ప్రసిద్ధుడైనవానిని ఇరువురును తమవానిగ చెప్పుకొనుటకు ఇది ఒక కారణము. రాఘవ వృత్తిచే న్యాయవాది. పద్యమును రాగాలాపనలో ముంచి 'వన్స్ మోర్' కొట్టించుకొనుట గొప్పగా చెల్లుచున్న కాలమున, ఆయన ఆ సంగీతమును తగ్గించి, మాటకును లోపలి భావమునకును ప్రాధాన్యమిచ్చినాడు. ఈ సంస్కరణమును వాస్తవికత దృష్టితో విమర్శకులు మెచ్చుకొనినారు. మన విషయమునకు దీనిలో వేరొక గుణము కనబడుచున్నది. శ్రుతి కలిసినదా, ఊపిరి చాలునా, చప్పట్లు వచ్చునా, అని లెక్కించుకొను నటుని మనస్సు తనమీదనే ఉండును. హిరణ్యకశిపుని కోపమేమియో, దుర్యోధనుని అభిమానమేమియో అని వెదకు నటుని మనస్సు పరునిమీద ఉండును. ధనికుని నిర్వచనమునకు ఈ రెండవది లక్ష్యము. పద్యనాటకగాయకులను తక్కువ చేయుట నా తాత్పర్యము కాదు. వారు వేరొక బలముపై నిలిచినారు.

ఆ బలము ఆవృత్తి. కాంట్రాక్టు నాటకములలో కృష్ణుడొక యూరి నుండి, అర్జునుడొక యూరి నుండి వచ్చి, రాత్రి రంగస్థలముపైననే కలిసికొనుట కలదు. కలిసి అభ్యసింపక పోయినను ఆట సాగును. ఏలనన, ఒక్కొక్కడు ఆ పాత్రను వందలమారు ధరించినవాడు. 1965లో రాబర్ట్ జాయన్స్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఒక సిద్ధాంతమును ప్రతిపాదించినాడు. ఇతరుల సన్నిధి, బాగుగ అలవడిన పనిని మరింత బాగుచేయును. సరిగ అలవడని దానిని మరింత చెరచును. ఒకే సభ ఒకనికి బలమును, మరియొకనికి బలహీనతను ఇచ్చుట దీనివలన అర్థమగును. మన విద్యార్థులు పద్యమును తప్పు లేక చదువగల రోజున అభ్యాసమును ఆపుచున్నారు. సభకు అది చాలదు. తప్పు చదువుట కష్టమగువరకు చదువవలెను.

అభ్యాసము తరువాత సన్నాహము. పంచమాధ్యాయములోని పూర్వరంగమును మన పాఠ్యక్రమములో నాందీచర్చతో ముగించుట ఆచారమైనది. దాని మొదటి తొమ్మిది అంగములు తెర వెనుక జరుగవలసినవను విషయము ఆలోచింపదగినది. వాద్యములను తెచ్చి అమర్చుట ప్రత్యాహారము. గాయకులు తమ తావులలో కూర్చుండుట అవతరణము. కంఠమును కదలించుట ఆరంభము. వాద్యములను సవరించుట ఆశ్రావణ. వక్త్రపాణి, పరిఘట్టన, సంఘోటనలలో వాదనరీతులకు, తంత్రులకు, చేతులకు సాధకము జరుగును. మార్గాసారితమున తంత్రీవాద్యములు, మృదంగాదులు కలియును. ఆసారితమున కాలప్రమాణము కుదురును. ఇవియన్నియు చేతులతోను గొంతుతోను చేయు పనులు. ఒక్కటియు ఊరక కూర్చుండి ధైర్యము తెచ్చుకొనుట కాదు. తెర తీయునప్పటికి వణకవలసిన వ్రేళ్ళు అప్పటికే పనిలో పడియుండును. పూర్వరంగమునకు దేవతాప్రీతి ప్రధానఫలమని శాస్త్రమే చెప్పినది. దానిని కాదనుట లేదు. ప్రయోక్తకు కలుగు ఈ దృష్టఫలమును కూడ చెప్పవలసియున్నది. వీధినాటకములలో ఇరువురు పట్టిన తెర వెనుక పాత్ర ప్రవేశదరువుతో కొంచెము కొంచెముగ బయటపడుటయు, నేటి కర్ణాటకసంగీతసభలో గాయకుడు వర్ణముతో ఆరంభించుటయు ఈ సంప్రదాయపు శేషములే. వేదిక ప్రక్కన కుర్చీలో కూర్చుండి తన పేరు పిలుచువరకు కాగితమును నలుపుచుండు మన పోటీ విద్యార్థికి మాత్రము పూర్వరంగము లేదు.

అవధానప్రక్రియను ఇచట స్మరింపవలెను. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు. వారిలో నిషిద్ధాక్షరి నడుపువాడు అక్షరమక్షరమునకు అడ్డుపడును, అప్రస్తుతప్రసంగి ఏకాగ్రతను చెదరగొట్టుటకే నియుక్తుడు. నాట్యశాస్త్రములోని విఘ్నములను కుర్చీలు వేసి కూర్చుండబెట్టినట్లు! అయినను అవధానము సాగుచున్నది. అడ్డంకి ఎవరో, ఎచట కూర్చున్నాడో తెలిసియుండుట, అతనికి బదులు చెప్పుట కూడ ఆటలో భాగమై యుండుట దీనికి కారణములు. బ్రహ్మ విఘ్నములతో చేసిన సంభాషణము ఇచట ప్రతిసభలోను పునరావృత్తమగుచున్నది. క్రొత్తగ వేదిక నెక్కు విద్యార్థిని ముందు నలుగురైదుగురు సహాధ్యాయుల నడుమ నిలిపి, వారిచే ఉద్దేశపూర్వకముగ అడ్డుప్రశ్నలు వేయించి చదివించుట మంచి శిక్షణ. ఇది ఖర్చు లేనిది.

కొందరు దగ్గరిదారులు వెదకుచున్నారు. పల్లెనాటకములలో మద్యము పుచ్చుకొని రంగమెక్కు అలవాటు ఎందరి గొంతులను, ఎన్ని కుటుంబములను పాడుచేసినదో ఆ వృత్తిలోనివారికి తెలియును. విదేశీ సంగీతకారులలో బీటాబ్లాకరులను మందుల వాడకము వ్యాపించినది. 1977లో లాన్సెట్ వైద్యపత్రికలో జేమ్స్, ఆయన సహచరులు ఆక్స్‌ప్రెనొలాల్ అను మందు తంత్రీవాద్యకారులకు వేదికాభయములో ఉపకరించినదని ప్రకటించినారు. ఫిడేలు కమాను వణకినచో నాదము చెడును గాన అట్టివారికి దీని ఉపయోగమును త్రోసివేయలేము. అయితే ఈ జాతి మందులు ఉబ్బసము కలవారికి ప్రమాదకరములు. వైద్యుని పరీక్ష లేక వానిని ముట్టరాదు. నటుని విషయమున నాకొక సందేహము కూడ కలదు. వేపథువును ఆపు మందు, ఇది నటుని వణకు, ఇది హరిశ్చంద్రుని వణకు, అని వివేచింపజాలదు. రెంటిని ఒక్కటిగ అణచును. సత్త్వమే ప్రాణమైన కళకు అది ఎంతవరకు హితమో నాట్యజ్ఞులును వైద్యులును కలిసి విచారింపవలసియున్నది. సభాకంపము నిద్రకు, తిండికి అడ్డుపడునంతగ ముదిరినప్పుడు వైద్యుని యొద్దకు పోవుటలో మాత్రము సందేహింపనక్కరలేదు. అది శాస్త్రము విడిచి వైద్యమునకు లోబడుట కాదు.

చివరగ శంకకు మూలమైన దోషభీతిని గూర్చి. నాట్యశాస్త్రము ఇరువదియేడవ అధ్యాయమున భరతుడు ప్రయోగమునకు కలుగు ఘాతములను వర్గీకరించినాడు. గాలి, అగ్ని, వాన మొదలగునవి దైవఘాతములు. ఓర్వలేనివారు కేకలు వేయుట, పేడయు మట్టిబెడ్డలును విసరుట వంటివి పరకృతములు. నటుని వలననే పుట్టునవి ఆత్మసముత్థములు. వీనిలో స్మృతిప్రమోషము, అనగా మరచిపోవుట, ఒకరి మాట మరియొకరు చెప్పుట, కిరీటము జారిపడుట కూడ పేరుపేరున ఉన్నవి. ఆ పట్టికను చూచినచో, రెండువేల యేండ్ల నాటి రంగస్థలముపైనను కిరీటములు జారిపడినవని తెలిసి నేటి నటునికి నవ్వు రావలెను. ఈ దోషములను ప్రాశ్నికులు లెక్కింపవలెనని విధించిన పిమ్మట భరతుడే, గుణము లేనిదియు దోషము లేనిదియు ఏ ప్రయోగమును ఉండదు గాన దోషములను మిక్కిలిగ పట్టించుకొనరాదని ప్రాశ్నికులకు చెప్పినాడు. అటుపైన, దీనిని సాకుగొని నటుడు వాగంగసత్త్వాభినయములయందు అశ్రద్ధ చూపరాదని నటునకు చెప్పినాడు. మొదటి మాట న్యాయనిర్ణేతకు, రెండవది ప్రయోక్తకు. మన కళాశాలల పోటీలలో ఈ రెండును తారుమారైనవి. ఒక్క పదము మరచి, క్షణమాగి, మరల అందుకొని పద్యమును భావయుక్తముగ ముగించిన బాలికకు మార్కులు కోసి, ఏ భావమును లేక యంత్రమువలె అప్పగించినవానికి మొదటి బహుమతి ఇచ్చుట తరచుగ జరుగుచున్నది. స్మృతిప్రమోషమునకు ఒక్క మార్కును, సత్త్వహీనతకు అయిదు మార్కులును తగ్గించు పద్ధతిని ఒక్క సంవత్సరము అమలుచేసి, ఆ యేట వేదిక నెక్కుటకు పేర్లిచ్చిన విద్యార్థుల సంఖ్యను ముందటి యేటి సంఖ్యతో పోల్చి చూడవచ్చును.